కాయకో జాకెట్టు

టైలరమ్మది ఉడుంపట్టు. కుట్టు వంకర పోతే పూర్తయిన బట్టనైనా విప్పదీసి మళ్లీ కుట్టేది. అలాంటి మనిషి పెరట్లోని స్టార్‌ఫ్రూట్ చెట్టు దగ్గర వరసగా రెండు కాపులు ఓడిపోయింది. కాయ పసుపు తిరిగేలోపే మెత్తబడి రాలిపోయేది. కోస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడేవి. దానికి తోడు ఆకులు పాలిపోసాగాయి.

చెట్టు కొట్టించేస్తే ఆ జాగాలో బట్టలారేసుకోవచ్చని అత్తగారి పోరు. లేతు మిషను మీద పనిచేసే భర్త, తల్లికి ఎదురు చెప్పలేక, పెళ్లానికి సర్దిచెప్పలేక, పేపరు వెనక దాక్కునేవాడు.

"ఈ ఒక్క కాపు చూద్దాం అత్తయ్యా. అప్పటికీ దక్కకపోతే గొడ్డలి నేనే తెస్తాను," అంది టైలరమ్మ.

మర్నాడు కుళ్లిన కాయను డబ్బాలో పెట్టుకుని నర్సరీ ఆయన దగ్గరికి వెళ్లింది. ఇది పండుఈగ పని అని తేల్చాడాయన. అది కాయ తొక్కను సూదిలా పొడిచి లోపల గుడ్లు పెడుతుందట. రాలిన కాయల్ని అలాగే వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుందట. రాలినవి ఎప్పటికప్పుడు ఏరెయ్యమని, చెట్టు మీది కాయలకు సంచులు తొడగమని చెప్పాడు.

సూది మాట వినేసరికి ఆమెకు పౌరుషం వచ్చింది. కాగితం సంచులు వానకు చిరిగిపోతే, మిగిలిన లైనింగు గుడ్డతో సంచులు కుట్టి నాడాలు బిగించింది.

"కాయకో జాకెట్టు కుట్టావు, బాగానే ఉంది. నా జాకెట్టు చేతులు ఎప్పుడు బిగిస్తావమ్మా?" అంది అత్తగారు.

తీరా విప్పి చూస్తే సంచుల్లోనే కాయలు కుళ్లిపోయి ఉన్నాయి. కట్టేనాటికే ఈగ పొడిచేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. గొడ్డలి సంగతి అత్తగారు గుర్తుచేస్తే, టైలరమ్మ కొమ్మల్లో ఇంకా పూత ఉంది కనుక కాపు అయిపోలేదని వాదించింది. ఈసారి పిందెలు బొటనవేలంత ఉండగానే, పనికి ముందూ వెనకా నిచ్చెనెక్కి సంచులు కట్టింది.

అది చూసి భర్త పేపరు పక్కన పడేశాడు. చెట్టు మొదట్లో స్నానాల గది నీళ్లు నిలబడి, వేళ్లకు ఊపిరాడడం లేదని కనిపెట్టింది ఆయనే. కాలువ తవ్వి నీళ్లను అవతలికి మళ్లించాడు. కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి.

సంచి విప్పితే గట్టిగా, నిగనిగలాడుతూ పసుపుపచ్చని కాయ. అడ్డంగా కోసి అత్తగారి చేతిలో పెట్టింది టైలరమ్మ. ఆవిడ కాస్త పులుపని పెదవి విరుస్తూనే ఇంకో ముక్క అందుకుంది. అన్నీ దక్కలేదు, నాడా వదులైన చోటల్లా ఈగ దూరింది.

ఆ సాయంత్రం గోడవతల పక్కింటావిడకు అత్తగారు గట్టిగా పాఠం చెబుతోంది. "పిందెగా ఉన్నప్పుడే కట్టాలమ్మా. ముదిరాక కడితే ఏం లాభం? నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను."

టైలరమ్మ నవ్వుకుని, నాడాలు ఇంకాస్త బిగువుగా ఉండే సంచులకు గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది.