చీమకుర్తిలో మేము ఖాళీ స్థలం అని రాసుకున్న చోటు

మొక్కలు ఎక్కడ నాటాలో, చెత్త ఎక్కడ వేరుచెయ్యాలో కాగితం మీద తేల్చేసుకున్నాక, ఆ చోటు ఒకసారి కళ్ళతో చూసి వద్దామని చీమకుర్తి బయల్దేరాం. మేమంటే ఇద్దరం, నేనూ ప్రభాకరరావుగారూ. గుంటూరులో మాదొక చిన్న ఆఫీసు. చిన్న ఊళ్ళకు చెత్త యార్డులు, చెట్ల పెంపకం లాంటి పథకాలకు ప్లాన్లు తయారుచేసి ఇస్తాం. నేను చదివింది అటవీశాస్త్రం కాబట్టి చెట్ల సంగతి నాది. ప్రభాకరరావుగారు మునిసిపాలిటీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, చెత్త సంగతి ఆయనది. మనిషి భారీగా ఉంటారు. ఎంత ఎండలోనైనా ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు లేకుండా గడప దాటరు.

చీమకుర్తిలో గ్రానైటు రాయి కోసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. రాయి కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఆ నీళ్ళూ రాతిపొడీ కలిసి చిక్కటి బురదవుతుంది. దాన్ని స్లర్రీ అంటారు. ట్యాంకర్లలో తీసుకెళ్ళి ఊరి బయట పారబోస్తారు. అలా పారబోసి పారబోసి నిండిపోయిన ఒక చోటులో ఓ మూల ఊరి చెత్త వేరుచేసే షెడ్డు, మిగిలినదంతా చెట్లు. ఇదీ మా ప్లాను. ఎండిన పొడి గాలికి లేచి పక్క పల్లె మీద పడుతోందని, చెట్లుంటే కొంత ఆగుతుందని మా ఆలోచన. ఉపగ్రహం తీసిన ఫొటోలో ఆ చోటు నున్నగా, బల్లపరుపుగా కనిపించింది. దాని మీద “ఖాళీ స్థలం” అని రాసుకున్నాం.

ఫిబ్రవరి నెల. మధ్యాహ్నం భోజనాలు చేసి గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రెండున్నర, మూడు గంటల ప్రయాణం. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు ఆ నెలలో ఒక చేతిరుమాలు దగ్గర పెట్టుకోవాలి. రోడ్డుకు రెండు పక్కలా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. గాలి ఇటు తిరిగిందంటే బస్సంతా ఒకేసారి తుమ్ముతుంది. పత్తి చేలల్లో ఆఖరి తీత అయిపోయి, ఒట్టి కట్టె మిగిలింది.

యడ్లపాడులో ఎక్కిన రైతు ఒకాయన మా పక్కన కూర్చున్నాడు. మేము ఏం పని మీద వెళ్తున్నామో అడిగి తెలుసుకున్నాడు.

“చెత్త అంటున్నారు కదండీ, మా చేలల్లో పురుగుమందు డబ్బాలు కూడా తీసుకెళ్తారా? గట్ల నిండా అవే” అన్నాడు.

“అది వేరే పథకం కిందకి వస్తుందండి” అన్నారు ప్రభాకరరావుగారు.

“ఎవరినడిగినా వేరే పథకమేనండి” అని నవ్వి, మార్టూరులో దిగిపోయాడు.

చీకటి పడే వేళకు ఒంగోలు చేరి, బస్టాండు దగ్గరే లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి. పొద్దున్నే ఇడ్లీ తిని పొదిలి వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాం. అది చీమకుర్తి మీదుగానే వెళ్తుంది. బస్సు నిండా రాతి పనికి వెళ్ళే ఒరిస్సా మనుషులు, వాళ్ళ టిఫిను డబ్బాలు. సంతనూతలపాడు దాటుతుండగా కండక్టరు వచ్చి, “కిటికీ వేసుకోండి మేడం, ఇక్కణ్ణించి దుమ్ము” అన్నాడు. అన్నట్టే ఎదురుగా లారీలు మొదలయ్యాయి. ఒక్కొక్క లారీ మీద ఒక్కటే నల్లరాయి, ఒక గది అంత. అది పక్కనుంచి వెళ్తుంటే బస్సు అద్దాలు గడగడలాడాయి.

చీమకుర్తిలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో నడిపే శీను మధ్యవయసు మనిషి. “ఆ బురద గుంట కాడికా? అక్కడ చూసేదానికి ఏముంది సార్?” అన్నాడు. మేము చెట్ల సంగతి చెప్పాం. ఊరు దాటి, వరసగా రాయి కోసే షెడ్లు దాటి, మట్టిబాట చివర ఆపాడు.

ఎంత పెద్దదో ఫొటోలో తెలియలేదు. చూపు ఆనినంత మేర బూడిదరంగు నేల. ఎక్కడా గడ్డిపోచ లేదు. పైన సన్నగా నెర్రెలు విచ్చి, ఎండ పడి మెరుస్తోంది. అంచున అక్కడక్కడా తుమ్మకంప వేసి ఉంది గానీ మధ్యలో మనిషి పట్టేంత సందులున్నాయి. గట్టు మీద మాత్రం నాలుగైదు సర్కారు తుమ్మచెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే నాకు ఉత్సాహం వచ్చింది. ఇవి బతికాయంటే వేపా, కానుగా కూడా బతుకుతాయి అనుకున్నాను.

ప్రభాకరరావుగారు నేల మీద బూటు మడమతో రెండుసార్లు తన్ని చూశారు. “సిమెంటు గచ్చులా ఉంది వసుధమ్మా. షెడ్డుకు పునాది ఖర్చు కూడా తగ్గుతుంది” అన్నారు. టేపు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని లోపలికి నడిచారు. నేను తుమ్మచెట్టు మొదలు దగ్గర మట్టి వేళ్ళతో నలిపి చూస్తున్నాను.

గట్టు మీద నుంచి ఆడమనిషి గొంతు వినిపించింది. “అయ్యా, లోపలికి పోబాకండి. వెనక్కి రాండి.”

ఆయన ఎవరా అని వెనక్కి తిరిగారు. ఆ తిరగడంలో బరువంతా ఒక కాలి మీద పడిందనుకుంటాను. అప్పడం విరిగినంత చప్పుడైంది, అంతే. మోకాళ్ళ దాకా దిగిపోయారు. కాలు పైకి తీద్దామని రెండో కాలు నొక్కేసరికి నడుము దాకా పోయారు. ఆయన ముఖంలో అప్పటికి భయం లేదు. ఇదేమిటి అన్నట్టు నా వైపు చూశారు. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది.

నేను పరిగెత్తబోయాను. వెనకనుంచి ఎవరో నా చున్నీ పట్టి గట్టిగా లాగారు. ఇందాక కేకేసిన ఆమే. పేరు రమణమ్మ అని తర్వాత తెలిసింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో గేదెల్ని తోలే కర్ర.

“నువ్వు కూడా పోతే ఎవుర్ని లాగాల? ఆగు” అంది. ఆయన వైపు తిరిగి, “కాళ్ళు ఆడించబాకయ్యా. ఎంత ఆడిస్తే అంత దిగతావు. చేతులు బారజాపి ముందుకు వాలు” అని అరిచింది.

శీను అప్పటికే ఆటో తిప్పాడు. “రాళ్ళ షెడ్డులో మనుషులున్నారు, తెస్తా” అని వెళ్ళిపోయాడు. ప్రభాకరరావుగారు చేతులు చాపి ఆ బూడిద మీద వాలారు. పై పొర ముక్కలై, కిందనుంచి పెరుగు లాంటి బురద ఊరి చొక్కా చుట్టూ చేరింది. ఛాతీ దాకా వచ్చింది. నేను టేపు కొస ఇంకా పట్టుకునే ఉన్నాను. రెండో కొస ఆయన చేతిలో ఉంది. అదే ఆయన్ని పట్టి ఉంచుతున్నట్టు బిగించి పట్టుకున్నాను. గట్టిగా లాగితే తెగిపోయే టేపు అది.

“వసుధమ్మా,” అన్నారాయన, మామూలు గొంతుతోనే. “కాలికి ఏదో గట్టిగా తగులుతోంది. దాని మీద ఆనుకుని ఉన్నాను.”

నేను రమణమ్మ వైపు చూశాను. ఆమె ముఖం మారిపోయింది. నా ఒక్కదానికే వినపడేట్టు, “మా గేదె దిగింది ఆడనే. మొన్న వానాకాలం. చూడి గేదె. తాళ్ళేసి లాగినా రాలా. ఇంకా లోపలే ఉంది” అంది.

ఆయన కాలి కింద ఉన్నది బండరాయే కావచ్చు. ఈరోజుకీ మాకు రూఢిగా తెలియదు. ఆయనకు మాత్రం ఆ మాట అప్పుడు చెప్పలేదు.

ఆటోలో శీనూ మరో ముగ్గురూ వచ్చారు. వెనకే ఇంకో ఇద్దరు చెక్కలు మోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. గ్రానైటు పలకలు ప్యాక్ చేసే చెక్కలు అవి. అందరిలో ముందున్న కిశోర్ అనే ఒరిస్సా మనిషి చెక్కలు ఒకదాని పక్కన ఒకటి పరిచి, వాటి మీద బోర్లా పడుకుని జరుగుతూ వెళ్ళాడు. పలకల్ని ఎత్తడానికి వాడే వెడల్పాటి నైలాన్ పట్టా ఆయన చంకల కిందుగా తిప్పి కట్టాడు. “సార్, భయం లేదు. మెల్లగా వస్తది, మెల్లగా” అని వచ్చీరాని తెలుగులో అంటూనే ఉన్నాడు. గట్టు మీద నుంచి మిగిలినవాళ్ళతో పాటు రమణమ్మా నేనూ కూడా పట్టా పట్టుకున్నాం. గబగబా లాగబోతే కిశోర్ కోప్పడ్డాడు. లాగడం, ఆగడం, మళ్ళీ లాగడం. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఒక్కసారిగా బురద పట్టు వదిలి, ఆయన చెక్కల మీదికి వచ్చేశారు. బూట్లు లోపలే ఉండిపోయాయి.

గట్టు మీద కూర్చోబెట్టాక గానీ ఆయనకు వణుకు మొదలవలేదు. మొదలయ్యాక ఆగలేదు. షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి రాతి మిషను పైపుతోనే నీళ్ళు కొట్టారు. ఎంత కడిగినా చెవుల్లో, కనుబొమల్లో ఆ బూడిద పోలేదు. కిశోర్ తన లుంగీ, బనియను, రబ్బరు చెప్పులు ఇచ్చాడు. టీ తెప్పించారు. ప్రభాకరరావుగారికి రమణమ్మ గ్లాసు పట్టుకుని తాగించింది. ఆయన కిశోర్ చెయ్యి పట్టుకుని, వదలకుండా కూర్చున్నారు.

అప్పుడు రమణమ్మ నన్ను అడిగింది, “మీరేంటికి వచ్చినారమ్మా ఇక్కడికి?”

చెట్లు నాటడానికి అన్నాను.

“ఆ పనేనా? గుంటలు తవ్వే పనని మా ఊళ్ళో పేర్లు రాసుకున్నారు. నేనూ రాయించుకున్నా. నాతో పాటు ఒక వీధి ఆడోళ్ళం. గట్టు మీద అనుకుంటిమి. లోపలనా?”

ప్లానులో గుంటలన్నీ లోపలే ఉన్నాయి. చుక్కలు పెట్టింది నేను. గడ్డపారలు పట్టుకుని వరసగా ఆడవాళ్ళు ఆ అప్పడం మీద నడిచి వెళ్ళడం నా కళ్ళకు కట్టింది. పొద్దుట్నుంచి జరిగిన వాటన్నిటికంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక మనిషి దిగబడితేనే ఇంతమంది కావలసి వచ్చింది.

“లోపల కాదు. అది కొట్టేస్తున్నాం” అన్నాను.

ఆమె ఊరట పడుతుందనుకున్నాను. నా ముఖంలోకి సూటిగా చూసి, “అయితే పని ఉండదా?” అంది. “మిరప కోతలు ఈ నెలతో ఆఖరు. ఆ పైన మాకు కూలి లేదమ్మా. పెద్దాయన సంగతి చూశాక కూడా అడగతన్నానని ఏం అనుకోబాక.”

జవాబు ప్రభాకరరావుగారు చెప్పారు. పళ్ళు కొట్టుకుంటూనే, “ఉంటుందమ్మా. ముందు చుట్టూ కంచె. నీళ్ళు బయటికి పోవడానికి కాలవ. గట్టు మీదా, మీ ఊరి బాట పక్కనా చెట్లు. అన్నిటికీ తవ్వే పనే” అన్నారు. ఆమె నావైపు చూసింది, నిజమేనా అన్నట్టు. నిజమే అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి తర్వాత మేము చాలా ఆఫీసులు తిరగాల్సి వచ్చింది గానీ, వానలకు ముందే కంచె పని మొదలైంది. మొదటి రోజు వచ్చినవాళ్ళలో రమణమ్మ ఉందని శీను ఫోను చేసి చెప్పాడు.

ఆసుపత్రిలో ఒకసారి చూపించుకున్నాక సాయంత్రం ఒంగోలులో తెనాలి వైపు వెళ్ళే రైలు ఎక్కాం. బస్సు కన్నా రైలే నయం అనిపించింది, ఆయన కాళ్ళు చాపుకోవచ్చు. తెనాలిలో దిగి గుంటూరు బండి మారాలి. చీరాలలో ఎక్కిన ఒక పెద్దావిడ ఆయన లుంగీ, చెవుల్లో బూడిద చూసి, “రాతి ఫ్యాక్టరీలో పనా అయ్యా?” అని అడిగింది.

“ఇవాళ్టికి అవునమ్మా” అన్నారాయన.

బాపట్ల దాటాక ప్లాను కాగితం బయటికి తీశాం. ఆయన నా పెన్ను తీసుకుని “ఖాళీ స్థలం” అన్న మాట కొట్టేశారు. దాని బదులు ఏం రాయాలో ఇద్దరికీ తెలియలేదు. అలా ఉంచేశాం. ఈ పనుల మీద నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా చోట్ల భూమి చూశాను. ఒక చోటు అడుగున ఏముందో తెలియకుండా దాని పైన ఇంత ధీమాగా చుక్కలు పెట్టుకుంటూ పోయానని ఆ రైల్లో కూర్చున్నాక గానీ నాకు అనిపించలేదు. ఆ పథకాలన్నీ ఒకటొకటిగా గుర్తొస్తుంటే తెనాలి ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

ప్రభాకరరావుగారు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద ఆనించారు. నొక్కి చూశారు. ఇంకోసారి నొక్కి, అప్పుడు రెండో కాలు దించారు. వెనక జనం తోసుకుంటున్నారు, ఎవరో విసుక్కున్నారు. ఆయన వెనకే దిగుతూ నేనూ అలాగే నొక్కి చూసుకుని దిగాను.