పాటణ్‌కర్ గారికి పిట్ట ముట్టలేదు

మా ఆయన ఆశేర్, శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడాది నుంచి రిటైరయ్యేదాకా అక్కడ సామాన్ల ట్రాక్టరు నడిపాడు. విమానం పొట్టలోంచి దించిన పెట్టెలను ట్రాలీల మీద వేస్తే, ముందు ఈయన కూర్చుని వాటిని లాక్కుపోయేవాడు. అక్కడ ఎంతటివాడైనా మెల్లగా పోవాల్సిందే. కాస్త గట్టిగా తొక్కితే జరిమానా చీటీ రాసి చేతిలో పెడతారు. పగలంతా అలా ఎద్దుబండిలా తిరిగి, సాయంత్రం సాతంరాయిలో ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా వెళ్లి తన ఎర్ర కారులో కూర్చునేవాడు. కారు కదిలేది కాదు. ఊరికే స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. టీ అక్కడికే తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. నా బుద్ధి తక్కువ.

ఆ కారు పేరు బుల్‌బుల్. రెండే సీట్లు, పొడుగు ముక్కు, పైన గుడ్డ కప్పు. నాసిక్ దగ్గర ఒక చిన్న కంపెనీ ఎనభయ్యేడులో మొదలుపెట్టి, నాలుగేళ్లపాటు నాలుగు వందల చిల్లర కార్లు తయారు చేసి, తాళం వేసుకుని వెళ్లిపోయింది. మా బుల్‌బుల్‌ను ఈయన తొంభయ్యారులో ఎవరిదో పాత బంగళా షెడ్డులోంచి తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడంటే, ఆరుగురు నెట్టారు. లోపల కోడి గుడ్లు పొదుగుతోంది. పిల్లలు లేచేదాకా ఆగి మరీ తెచ్చాడు, అంత మర్యాద.

దాన్ని తయారు చేసిన ఇంజనీరు వామన్‌రావు పాటణ్‌కర్ గారు. మా ఇంట్లో యేసుప్రభువు పటం తర్వాత ఆయన ఫొటోయే. ఏదో మోటారు పత్రికలో పడితే కత్తిరించి ఫ్రేము కట్టించాడు. మా నాన్న ఫొటో మాత్రం బీరువా మీద పడుకుని ఉంటుంది.

ఇక్కడే ఒక సంగతి చెప్పేయాలి. చెప్పకుండా దాచడం వల్లే ఇంత కథ అయింది.

తొంభైతొమ్మిదిలో మా చర్చి రజతోత్సవానికి కొత్త పట్టుచీర కట్టుకుని బుల్‌బుల్‌లో బయలుదేరాను. దారిలో వాన. కప్పు లోంచి ధార కట్టి నీళ్లు నా మీదే పడ్డాయి. ఈయన మీద ఒక్క చుక్క పడలేదు. చర్చి దగ్గర దిగేసరికి నేను నడుం దాకా తడిసి ముద్దయ్యాను, ఈయన ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు. పైగా, “కారుల ఏం తప్పు లేదు జెరూషా, నువ్వే కూసునే తీరు సక్కగ లేదు” అన్నాడు. ఆ మాటకు నా ఒళ్లు భగ్గుమంది. ఆ సాయంత్రమే పాటణ్‌కర్ గారికి, ఆ మోటారు పత్రిక చిరునామాకు, ఉత్తరం రాశాను. నేను తెలుగు పంతులమ్మను. తొమ్మిదో తరగతి పిల్లలను తిట్టే తిట్లన్నీ ఏరి ఇంగ్లీషులోకి మార్చాను. చివర మా స్కూలు చిరునామా రాశాను. మా ఆయనకు చెప్పలేదు.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. పాటణ్‌కర్ గారి స్వదస్తూరీ, పైన పూనాలో ఆయన ఇంటి చిరునామా. నేను దాన్ని చదివి, నా సర్వీసు కాగితాల ఫైల్లో పెట్టేశాను.

చూపిస్తే, ముందు నేను రాసిన తిట్లు బయటపెట్టాలి. సరే, కోపం తగ్గాక చూపిద్దాం అనుకున్నాను. ఈలోగా మా ఆయన తనే పాటణ్‌కర్ గారికి ఉత్తరాలు మొదలుపెట్టాడు. కారు ఇంటికొచ్చిన రోజని ప్రతి ఫిబ్రవరిలో ఒకటి, వచ్చీరాని ఇంగ్లీషులో, మూతపడిన కంపెనీ చిరునామాకు. “మూతపడితే ఏమాయె, వాచ్‌మన్ ఉంటడు గద, అందిస్తడు” అనేవాడు. ఆ ఉత్తరాలు పోస్టు చేసేది నేనే. సరైన చిరునామా నా ఫైల్లో ఉంది. మొదటి ఏడు చెప్పలేదు కాబట్టి రెండో ఏడు చెప్పలేకపోయాను. అలా ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఏటా మార్చి నెలంతా పోస్ట్‌మన్ సైకిలు గంట వినపడితే చాలు, గేటు దగ్గరికి వెళ్లేవాడు. “పెద్ద మనిషి, పని మీద ఉంటడు” అని తనే సర్దుకునేవాడు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

మొన్న జులైలో పాటణ్‌కర్ గారు పోయారు. ఈ చుట్టుపక్కల బుల్‌బుల్‌లు మూడే ఉన్నాయి. మాది, పాల్మాకుల ఈశ్వరయ్యది, మహేశ్వరం గోవర్ధన్‌ది. ముగ్గురికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. అందులో వార్త వచ్చింది. మా ఆయన కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా అమ్మ పోయినప్పుడు ఇంత ఏడవలేదు. అది నేను గుర్తు పెట్టుకున్నాను.

మిగతా ఇద్దరూ పరామర్శకు వచ్చారు. ఎవరు ఎవరిని పరామర్శించాలో తెలియక ముగ్గురూ కావలించుకుని ఏడ్చారు. పూనాకు పోదామంటే మూడు కార్లలో ఒక్కటీ జహీరాబాద్ దాటదు. బస్సులో పోతే ఆయనకే అవమానమన్నాడు గోవర్ధన్. పోనీ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టిస్తానని మా ఆయన పాస్టరు గారి దగ్గరికి వెళ్లాడు. “ఆయన మన సంఘస్థుడు కాడు కద బ్రదర్, ఏమని చెప్పాలె?” అన్నారాయన. మా ఆయన అరగంట సేపు గేరుబాక్సు గురించి సాక్ష్యం చెప్పాడట. పాస్టరు గారు ప్రార్థన చేసి పంపించేశారు.

ఇగ ఈశ్వరయ్యే తేల్చాడు. “అన్నా, మూడొద్దుల నాడు మా చెలకల పిట్టకు పెడదాం. ఆయన మనకు పెద్ద దిక్కు. పిట్ట ముడితే ఆయన ఆత్మ తృప్తి పడ్డట్టు. నువ్వు దండం పెట్టకు, ఊకె నిలబడు.”

“నిలబడ్త” అన్నాడు మా ఆయన.

ఆ మూడు రోజులూ ఆ ఉత్తరం నా చేతిసంచిలోనే ఉంది. చెబుదామని తీయడం, ఆయన మొహం చూసి లోపల పెట్టడం. మూడో రోజు పొద్దున్నే పాల్మాకులకు బయలుదేరాం. బుల్‌బుల్ మూడుసార్లు ఆగింది.

ఈశ్వరయ్య చెలక, అదే మెట్టపొలం, విమానాశ్రయం గోడకు ఆనుకునే ఉంటుంది. మోదుగాకు విస్తరిలో ఆయన భార్య రాములమ్మ బగారన్నం, కోడికూర, గారెలు వడ్డించింది. పోయినాయనకు ఏమిష్టమో ఎవరికీ తెలియదు. బ్రాహ్మడేమో, కోడికూర తింటాడా అని ఒక చర్చ. పక్కన పెరుగన్నం కూడా పెట్టారు. గోవర్ధన్ ఒక క్వార్టరు సీసా, సిగరెట్టు పెట్టాడు. మా ఆయన వెళ్లి ఒక గిన్నెలో కొత్త ఇంజనాయిలు పోసి తెచ్చాడు.

“గదెందుకన్నా, కాకి తాగుతదా?” అంది రాములమ్మ.

“తాగక పోతె వాసన సూస్తది” అన్నాడు మా ఆయన.

దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి రాలేదు. పావుగంట గడిచింది. గోడ అవతల ఢాం ఢాం అని పటాకులు పేలాయి. ఎవరిదో పెళ్లి ఊరేగింపు అనుకున్నాం. అరగంటయింది. ఒక్క కాకి లేదు, పిచ్చుక లేదు. ఆకాశంలో విమానాలు తప్ప ఏమీ లేవు.

ఈశ్వరయ్య మొహం పాలిపోయింది. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో బాధ ఉండిపోయినట్టు లెక్క. అప్పుడు బతికున్నవాళ్లు చేతులు జోడించి తప్పు ఒప్పుకోవాలి, కోరిక తీరుస్తామని మాటివ్వాలి. ఈశ్వరయ్య వాళ్ల నాయన పోయినప్పుడు చిన్న కొడుక్కు బర్రె ఇస్తామంటే గాని కాకి దిగలేదట.

ముందు ఈశ్వరయ్యే వంగాడు. “సారూ, తప్పయింది. నీ ఇంజను తీసి పక్కకు వెట్టిన. ట్రాలీ ఆటో ఇంజను వేయించిన. అందరికి అసలుదే అని చెప్పుకున్న.”

“ఓరి నీ! గందుకే గట్ల టకటక కొడుతది!” అన్నాడు గోవర్ధన్.

కాకి రాలేదు. అందరూ గోవర్ధన్ వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. “సారూ, నేను కప్పు కోసేసిన. పెండ్లి ఫొటోలకు కిరాయికిచ్చిన. బానెట్ మీద పిల్లలు డ్యాన్స్ జేసిన్రు. సొట్ట పడ్డది. మాఫ్ చెయ్యి.”

అయినా రాలేదు. అప్పుడు మా ఆయన ముందుకొచ్చాడు. దండం పెట్టనన్నవాడు కాస్తా రెండు చేతులూ జోడించాడు.

“సార్, నేను మీ కారుల ఒక్క నట్టు గూడ మార్చలేదు. గాని ప్రతి ఏడు ఉత్తరం రాసి మిమ్మల్ని పరేషాన్ జేసిన. మీరు ఒక్కదానికి జవాబియ్యలేదు. నా ఇంగ్లీషు సక్కగుండదు. ఏదో మర్యాద తప్పి రాసి ఉంట. మీకు మనసు నొచ్చి ఉంటది. తెల్వక రాసిన సార్, క్షమించున్రి.”

ఇరవై ఆరేళ్లు తప్పు తనదే అనుకున్నాడు! రాములమ్మ ఏందక్కా అంటూనే ఉంది, నేను ముందుకు నడిచి చేతిసంచి తెరిచాను.

“ఆయన జవాబు రాశాడయ్యా. నాకు రాశాడు. నేనే దాచాను” అని ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను.

మా ఆయన చదువుకునే అద్దాలు మరిచి వచ్చాడు. అందుకని నేనే చదవాల్సి వచ్చింది. నా మీద నేనే నేరం చదువుకున్నట్టయింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అక్కడికక్కడే తెలుగులో చెబుతూ పోయాను.

“అమ్మా, మీరు నన్ను తిట్టినది పూర్తిగా సబబు. ఆ కారు తయారు చేసినన్నాళ్లూ నేను నడిపే సీట్లోనే కూర్చున్నాను. పక్క సీట్లో ఒక్క వానలోనూ కూర్చోలేదు. నా భార్య కూడా ఇదే చెప్పేది. ఆమె కూర్చోవడం తెలియదన్నాను. ఇప్పుడు ఆమె లేదు. మీ ఆయన ఆ కారును కన్నబిడ్డలా చూసుకుంటాడని, అదే మీ బాధ అని రాశారు. దయచేసి ఆయనను నాకొక ఉత్తరం రాయమనండి. కంపెనీ మూతపడ్డాక బుల్‌బుల్ గురించి నాతో మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు.”

గోవర్ధన్ క్వార్టరు సీసా వైపు చూశాడు గాని తీయలేదు. మా ఆయన ఉత్తరం వెనక్కు తీసుకుని, చదవలేకపోయినా, చాలాసేపు దానివైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు గోడ పక్క బాట మీదుగా పచ్చ కోటు వేసుకున్న మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. బాలమల్లు. విమానాలకు అడ్డం రాకుండా పిట్టలను తరిమే ఉద్యోగం. మా ఆయనతో పదేళ్లు కలిసి పనిచేశాడు.

“ఎవరురా ఈడ అన్నం వెట్టింది? అరే, ఆశేరన్నా, నువ్వా! నీకు ఎరుకలేదా? పొద్దట్నుంచి పటాకులు కాలుస్తున్నం. ఈ దిక్కు ఒక్క కాకి గూడ రాదు. తియ్యిన్రి, తియ్యిన్రి, మా సారు సూస్తే లొల్లి జేస్తడు.”

కాకి రాకపోవడానికి పాటణ్‌కర్ గారి మనసుతో సంబంధమే లేదన్నమాట. పదిహేడేళ్లు ఆ గోడ లోపలే పనిచేసిన మా ఆయనకైనా తట్టలేదు. ఈశ్వరయ్య ఇంజను గుట్టు, గోవర్ధన్ కప్పు గుట్టు, నా గుట్టు, మూడూ ఉత్తపుణ్యానికి బయటపడ్డాయి. ఇంకో పది నిమిషాలు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది! కోడికూర మాత్రం బాలమల్లు తిన్నాడు. “పిట్టలోడు ముడితే పిట్ట ముట్టినట్టే” అని ఈశ్వరయ్య తీర్పు చెప్పాడు.

దారిలో మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. కొట్లాటంటే నాకు చేతనవును, మౌనం చేతకాదు. రెండు రోజులు పక్కింటి డోర్కాస్‌తో, “మీ అక్కను ఉప్పు తెమ్మను” అని చెప్పించాడు. ఉప్పు డబ్బా ఆయన చేతి పక్కనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. చూస్తే కారులో ఉన్నాడు. స్టీరింగు దగ్గర కాదు, నా సీట్లో. కప్పు లోంచి నీళ్లు ఆయన ఒళ్లోకి పడుతున్నాయి. తుడుచుకోవడం కూడా లేదు. వాన వెలిసేదాకా అలాగే కూర్చుని, తడి బట్టలతోనే లోపలికొచ్చాడు. “నువ్వు సక్కగనే కూసున్నవ్ జెరూషా” అన్నాడు. అంతే. నేను తువ్వాలు ఇచ్చాను.

ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. రాత్రి భోజనాల వేళకు నాలుగు పేజీలు నింపాడు. కవరు తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఎవరికి?” అన్నాను.

“ఆయనకే. రాయమన్నడు గద.”

“ఆయన లేడు కదయ్యా.”

“ఇల్లు ఉంటది. బిడ్డలుంటరు. మా నాయినతోని మాట్లాడేటోడు ఒకడుండె అని వాళ్లకన్న ఎరుకైతది. చిరునామా నువ్వు రాయి. ఆయనకు ముట్టింది నీ చేతిరాతే.”

కలం తీసుకున్నాను. పాటణ్‌కర్ గారి ఉత్తరం ఆయన జేబులో ఉంది. ఇంటి పేరు, గల్లీ, పేట, పూనా, పిన్‌కోడ్, అన్నీ గడగడా రాసేశాను. తలెత్తేసరికి ఆయన జేబులోకి పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయి ఉంది.

“సూడకుండనే రాసినవ్” అన్నాడు.

“ఊ.”

“ఎన్నిసార్లు సదివినవే?”

“ఏటా, నీ ఉత్తరం పోస్టు చేసి వచ్చిన రోజు” అన్నాను. ఇగ ఆపుకోలేక ఏడ్చేశాను. ఆయన కవరు కాస్త దూరం జరిపాడు, తడవకుండా.