గుంజకు వేలాడిన అయ్య

అప్పలసూరికి కోపం ముక్కు మీద ఉంటుందని పేటలో అందరూ అనేవారు. అది తప్పు. అతని కోపం చేతుల్లో ఉండేది. ముక్కు దాకా వచ్చేలోపే ఎదుటివాడి పళ్లు రాలేవి. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల దాటాక సముద్రం ఒడ్డునున్న ఆ పేటలో చేపల వేటే బతుకు. ఏటా మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి మరపడవల మీద పనిచేసి, వేసవికి ఇళ్లకొస్తారు. రెండువేల పదిహేనులో, కూతురు తులసి పుట్టిన రెండు నెలలకు సూరి కూడా వెళ్లాడు. ఆ రెండు నెలలూ పిల్ల తండ్రి గుండెల మీద తప్ప నిద్రపోలేదు. అంత మొరటు మనిషీ, పిల్ల మీద పడుకున్నంతసేపూ ఊపిరి కూడా నెమ్మదిగా తీసేవాడు.

మరుసటి వేసవికి రావలసినవాడు రాలేదు. పడవ మీద తిండి దగ్గర మాటామాటా పెరిగి, తోటివాడి దవడ చెక్కతో పగలగొట్టాడు. కేసు తేలేదాకా అక్కణ్ణుంచి కదలనివ్వలేదు. ఫోన్ చేసినప్పుడల్లా పిల్లకిమ్మని, "గుంటకియ్యే" అనేవాడు. సూరి తల్లి దాలమ్మ ఫోన్ పిల్ల చెవి దగ్గర పెట్టి, "అయ్య మాటాడతన్నాడే, అయ్య" అనేది. సూరికి పిల్ల ఊపిరి తప్ప ఏమీ వినబడేది కాదు. సిగ్గుపడుతోంది కాబోలనుకుని మురిసిపోయేవాడు, వెర్రిబాగులవాడు.

పిల్లకు మూడో ఏడు వచ్చాక ఇంటికి చేరాడు. గుమ్మంలో సంచి పడేసి చేతులు చాచాడు.

"రామ్మా. అయ్యని. నాను అయ్యని."

తులసి అతని ముఖం చూడలేదు. గుమ్మం పక్కనున్న గుంజ వైపు చూసి, గొంతు చించుకుని అరిచింది. తల్లి రాజకుమారి కాళ్లలోకి దూరి గౌను తడిపేసుకుంది.

"కొత్త కదా మావా, రెండ్రోజులు పోతే అదే వస్తాది" అంది రాజకుమారి.

రోజులు పోయాయి గాని పిల్ల రాలేదు. బిస్కట్ ఇస్తే, నేల మీద పెట్టి అతను అవతలికి పోయాకే తీసుకునేది. అయ్య అన్న మాట చెవిన పడితే చాలు, పరుగే. ఆగస్టులో అతను మళ్లీ వెరావల్ వెళ్లాలి. ఈలోపు ఒక్కసారైనా పిల్ల తన గుండె మీద పడుకోవాలి. అతనికి కావలసింది అదొక్కటే. లేకపోతే మళ్లీ వచ్చేసరికి అది ఎవరి పిల్లో అయిపోతుందని భయం.

పుట్టువెంట్రుకలు తీయించడానికి అరసవల్లి వెళ్లారు. సూరి పిల్లను బలవంతంగా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. తులసి విరుచుకుపడి అతని మణికట్టు కొరికింది. పళ్లు దిగి రక్తం వచ్చింది. గుండు చేసే మనిషి కత్తి పక్కన పెట్టి నవ్వాడు.

"ఏటి బాబూ, నువ్వు కన్నోడివేనా, గుంటల్ని ఎత్తుకుపోయేవోడివా?"

సూరి అతని గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నలుగురు కలిసి విడదీశారు. చివరికి తల్లి ఒళ్లోనే పిల్లకు గుండైంది. 

ఇంట్లో అడుగు పెడుతూనే రాజకుమారి చెంప మీద కొట్టాడు. ఆమె గోడకు తగిలి పెదవి చిట్లింది.

"రెండేళ్లూ గుంటకి నా మీద ఏటి నూరిపోసినావే? సెప్పు."

"నానేటీ సెప్పలేదు మావా."

మళ్లీ కొట్టాడు. అన్నం గిన్నెను తన్నితే అది దొర్లుకుంటూ పోయి, అన్నమంతా పొయ్యి బూడిదలో పడింది. మూల నిలబడ్డ తులసి కీచుమని అరవడం మొదలెట్టింది. నోర్ముయ్యమన్నాడు. అది ఆపలేదు. కళ్లు కనబడని కోపంలో అతని చెయ్యి గుంజకున్న తాడు మీద పడింది.

ఆ తాడు గురించి చెప్పాలి. తెప్ప కట్టే తాడులో మూరెడు ముక్క. తారు పట్టి నల్లగా, చివర ముడితో ఉంటుంది. సూరి తండ్రి సోములుది. చిన్నప్పుడు సూరి వల తేల్చే బెండు ఒకటి కెరటాల్లో పోగొట్టాడని, ఇసకలో బోర్లా తోసి, వీపు చిట్లేదాకా ఆ తాడుతోనే కొట్టాడు. ఆపైన ఆ పుళ్లతోనే ఉప్పునీళ్లలోకి ఈడ్చాడు. సోములు పోయి ఏళ్లయింది, తాడు మాత్రం గుంజ దిగలేదు. దాలమ్మ దానితో తిన్న దెబ్బలూ తక్కువేం కాదు. అయినా మగాడి గుర్తని ఉంచింది. ఇలాంటి గుర్తులు దాచే ఆడవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

తాడు మేకు నుంచి ఊడగానే దాలమ్మ, రోజూ పిల్లకు ముద్ద పెడుతూ అనే మాటే అలవాటుగా అనేసింది.

"అదిగో, అయ్య దిగిపోనాడు. నోరు మూసీ గుంటా, అయ్య దిగిపోనాడు."

సూరి చెయ్యి గాలిలోనే ఆగింది. "ఏటన్నావే అమ్మా?"

"ఏటుంది? బువ్వ తినకపోతే అయ్యని దింపుతానంటాను. నిన్నూ అలాగే పెంచినాను కదరా. మీ అయ్య సేపల ఏటకెలితే, ఆ తాడే నీకు అయ్య. దీన్ని ఒక్క దెబ్బ కొట్టలేదు. సూపించినానంతే."

ఎప్పుడో మరిచిపోయిన మాట అది. అతనికి అప్పుడు తెలిసింది, ఫోన్లో అయ్య మాట్లాడుతున్నాడంటే ఆ పసిది ఏమని విందో. గుమ్మంలో నిలబడి తాను ఎవరినని చెప్పుకున్నాడో. కిందికి చూశాడు. తులసి అరుపు ఆపేసింది. రెండు చేతులూ గుండు మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. ఆనాడు ఇసకలో తాను ముడుచుకున్నదీ అలాగే.

పెరట్లో చేపలు కోసే మొద్దు మీద తాడు వేసి, కత్తితో నరికాడు. తారు పట్టిన తాడు ఒక పట్టాన తెగదు. "సావు, సావు" అంటూ తండ్రినే నరుకుతున్నట్టు నరికాడు. ఒక వేటు తప్పి ఎడమ బొటనవేలు మీద పడింది. ఎముక కనబడింది. అయినా తాడు ముక్కలయ్యేదాకా వదల్లేదు. పిచ్చెక్కిందని దాలమ్మ గుండెలు బాదుకుంది. రాజకుమారి పాత చీర చింపి వేలికి కట్టు కట్టింది గాని, అతని ముఖం చూడలేదు. ఎందుకు చూడాలి?

వెరావల్ ప్రయాణం రోజు వచ్చింది. సూరి గుమ్మంలో కూర్చుని స్టేషన్‌కి వెళ్లే జీపు కోసం చూస్తున్నాడు. తులసి గుంజ దగ్గరకొచ్చి ఖాళీ మేకు చూసింది.

"అయ్యేడి?"

దాలమ్మ నోరు తెరవబోతే సూరి అడ్డుపడ్డాడు. "సచ్చిపోనాడు తల్లీ. ఇంక రాడు."

పిల్ల అతని వైపు తిరిగింది. "నువ్వెవులు?"

సూరి మాట కోసం వెతికాడు. ఆ పేటలో తండ్రికి ఉన్నది ఒక్కటే మాట. దాన్ని తన చేత్తోనే నరికేశాడు. శ్రీకాకుళంలో చదివే పిల్లలు అంటుంటే తామంతా వెక్కిరించే మాటొకటి, చివరికి అదే దొరికింది.

"నాన్నని."

"నాన్న" అంది తులసి, ఆ మాట రుచి చూస్తున్నట్టు.

సూరికి ప్రాణం లేచొచ్చింది. తల నిమరబోయి చెయ్యెత్తాడు. పిల్ల చప్పున రెండు చేతులూ తల మీద కప్పుకుంది.

అతను చెయ్యి దించి నేలకు ఆనించాడు. ఏడుపు ఆగలేదు. బయట జీపు హారన్ కొడుతోంది, తోటివాళ్లు పేరుపెట్టి పిలుస్తున్నారు.

"నాను రాను. మీరెల్లండి" అన్నాడు, కూర్చున్నచోటు నుంచే. లేవాలంటే ఆ చెయ్యి పిల్ల ముందు మళ్లీ ఎత్తాలి.