పెద్దమ్మ గొంతుకు తగిన మైకు

మా పెద్దమ్మ దర్జీ. ముప్పై ఏళ్లుగా మిషను తొక్కుతూ పాడుతోంది. ఆమెది బొంగురు గొంతే, కానీ లోతైన గొంతు. కుట్టుకొట్లో వింటే చేతిలో పని పక్కన పెట్టి కూర్చోవాలనిపిస్తుంది. అదేం ఖర్మో, మా పేట పాటల బృందంలో మైకు ముందు నిలబడితే మాత్రం ఖాళీ డ్రమ్ములో ఎవరో దగ్గినట్టుండేది.

బృందానికి ఉన్నది ఒకటే మైకు. బృందాన్ని నడిపే మాస్టారు దాన్ని తన చెల్లెలి సన్నని గొంతు చూసి కొన్నాడు. ఆ మైకు తనకు నప్పడం లేదని పెద్దమ్మ అంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని అందరి ముందూ నవ్వాడు. ఈ ఆదివారం కూడా ఇలాగే పాడితే ఇక వెనక వరసలో కోరస్ పాడుకోవడమేనని తేల్చేశాడు. పెద్దమ్మ సంచి తీసుకుని ఇంటిదారి పట్టింది. నాకే ఒళ్లు మండింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మైకుల షాపుకెళ్లింది. షాపతను అన్నిటికంటే మెరిసేది తీసి, హలో హలో అంటూ తనే పరీక్షించి చూపాడు.

"నీ గొంతుకు బాగానే ఉంది బాబూ. పాడేది నేను కదా," అంది పెద్దమ్మ.

చొక్కా తొడిగి, చెయ్యెత్తు, కూర్చో, వంగు అని కుట్టించుకునేవాళ్ల ప్రాణం తీస్తుందామె. మైకులనూ అలాగే వదల్లేదు. అదే చరణం ఒక్కోదాంట్లో దగ్గరగా, దూరంగా, నిలబడి, కూర్చుని పాడింది. ఎదురుగా ఉంటే మొహమాటానికి బాగుందంటానని నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టింది. ఏడు మైకులకూ తల అడ్డంగా ఊపాను. షాపతను ఆవలించాడు. చివరికి కింది అరలోంచి సొట్టపడిన పాతదొకటి తీసి, ఇది ప్రకటనలు చదివేవాళ్లదనీ, పాటకు పనికిరాదనీ చెప్పాడు.

పెద్దమ్మ పాడింది. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. మిషను దగ్గరి గొంతే, ఈసారి షాపు నిండా. నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఆదివారం హాల్లో ఆ సొట్టమైకునే స్టాండుకు బిగించుకుంది. మొదటి చరణానికే కబుర్లు ఆగిపోయాయి. రెండో చరణానికి, గొంతు ఒక్కటే వినబడాలని మాస్టారే కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. పాటయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనైతే కుర్చీ ఎక్కాను.

మాస్టారు దగ్గరికొచ్చి, ఇన్నాళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచావక్కా అని అడిగాడు.

"గొంతు అదే మాస్టారూ," అంది పెద్దమ్మ, మైకు సంచిలో పెట్టుకుంటూ. "మద్దెల మార్చాను."