పొద్దున్నే వచ్చే కణాలు

కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి కణభౌతిక శాస్త్రవేత్త అయిన గ్రేసీ, ఆకాశం నుంచి రాలి, ఊరి పక్కనున్న ఇనుప ఖనిజపు కొండను దాటుకొచ్చే మ్యూయాన్ కణాలను లెక్కపెట్టడానికి పుట్టింటి వరండాలోనే పరికరం పెట్టింది. వెలుతురు చొరబడితే లెక్క చెడుతుందని దానికి నల్లగుడ్డ చుట్టింది. వారం తిరక్కుండానే వింత! రోజూ పొద్దున ఒకే వేళకి లెక్క అమాంతం ఎగబాకుతోంది. ఇన్నేళ్ల పరిశోధనలో ఎన్నడూ చూడనిది. ఆగలేక విశాఖలో ఉన్న తన ప్రొఫెసర్‌గారికి రాసేసింది.

మర్నాడు ఆ వేళకి వరండాలోకి వెళ్లి కొయ్యబారిపోయింది. రైల్వే సిగ్నళ్లు చూసే తండ్రి తాతబాబు, డ్యూటీకి బయల్దేరుతూ గుడ్డ పైకెత్తి లోపలికి టార్చి కొడుతున్నాడు.

"నాన్నా! ఏం చేస్తున్నావు?"

"ఏటమ్మా అలాగరుస్తావు? పెట్టె అన్నాక రోజూ ఇప్పి సూసుకోవాల గదా! మా సిగ్నల్ పెట్టెల్లో బల్లులు దూరిపోతాయి. నీ దాంట్లో ఒక్కటీ లేదులే, బెంగెట్టుకోకు."

గ్రేసీ ప్రొఫెసర్‌గారికి నిజం చెప్పేద్దామని ఫోన్ తీస్తే, ఆయన సందేశం అప్పటికే వచ్చి ఉంది: "అద్భుతం! విశాఖలో రైలెక్కేశాను."

తాతబాబు ఉబ్బిపోయాడు. "అంత పెద్దాయన మనింటికొస్తన్నాడా! నానే టేసన్‌కెల్లి తీసుకొస్తాను. పెట్టెనెలా కాపాడినానో దారిలో సెప్తాను."

గ్రేసీ మెట్టు మీద కూలబడింది. "వద్దు నాన్నా... నేనే చెప్పుకుంటాను."