కాయల బండి మీద రేకుల పెట్టె

నేను కొన్న మోపెడ్ అంతకు ముందు కొబ్బరికాయలు మోసేది. తోటల్లోంచి రాశుల దగ్గరికి, రాశుల దగ్గర నుంచి లారీల దగ్గరికి కాయలు మోసీ మోసీ దాని రంగు వెలిసిపోయింది. సీటు చిరిగి లోపలి స్పాంజి బయటికి వచ్చింది. హారన్ నొక్కితే ఒకసారి మోగేది, ఒకసారి మోగేది కాదు. అమ్మినతను మా ఊరివాడే, మంచి మనిషి. "ఇంజనుకు ఢోకా లేదండి అక్కగారూ. అందం సంగతి మాత్రం నన్నడక్కండి" అని ముందే చెప్పేశాడు.

అప్పటికి నాకు యాభై రెండేళ్లు. ఆ వయసులో బండి ఎందుకంటే, రేకుల కోసం.

మాది ఆత్రేయపురం పక్కన చిన్న ఊరు. ఇంటింటా పూతరేకులకు రేకులు తీస్తాం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఊదితే ఎగిరిపోయేంత పలచన. మేం తీసిన రేకులన్నీ ఒకాయన ఇంటింటికీ తిరిగి పోగుచేసి, కలిపేసి, మిఠాయి కొట్లకు ఇచ్చేవాడు. ఏవి ఎవరు తీసినవో అడిగేవాళ్లు లేరు.

ఒక శనివారం వాడపల్లి స్వామి దర్శనానికి వెళ్లి, వస్తూ గుడి దారిలో ఒక కొట్టు ముందు ఆగాను. కొట్టు నడిపే ఆవిడ రేకుల దొంతరలోంచి కొన్నిటిని ఏరి పక్కన పెడుతోంది. "ఇవెవరు తీసేరో గాని, చుట్టేటప్పుడు ఒక్కటీ చిరగదు" అంది పక్కనున్న పనిమనిషితో. చూద్దును కదా, నావి! గుడ్డ లాగడం ముగిసేచోట నా చేతికి చిన్న ఒంపు పడుతుంది. అది ఎన్ని రేకుల్లో ఉన్నా నేను గుర్తుపడతాను. సంకోచిస్తూనే చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, దొంతరలోంచి మరి నాలుగు తీయమంది. తీశాను. నాలుగూ వెలుతురుకు పట్టి చూసుకుని నమ్మింది.

"అయితే మీరే తెచ్చివ్వండి వదినగారూ. శనివారం జనం ఎక్కువ. ఏడింటికల్లా ఇక్కడుండాలి. రెండు శనివారాలు చూస్తాను. ముక్కలైతే మాత్రం పాతాయన దగ్గరే తీసుకుంటాను, ఏమీ అనుకోకండేం?"

ఇంటికి వచ్చేదాకా నా కాళ్లు నేలమీద లేవు. వచ్చాక గుర్తొచ్చింది, శనివారం వాడపల్లి ఆటోల్లో మనుషులకే చోటు ఉండదు. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్తారు. రేకుల పెట్టె ఎక్కడ పెడతాం? మా ఆయనకు సైకిలు తప్ప మరొకటి రాదు. నాలుగు నెలలు గడువు అడిగి, బండి కొన్నాను.

బండి అమ్మినతనే వారం రోజులు కాలవ గట్టున పక్కన పరుగెడుతూ నడపడం నేర్పాడు. అంతకు రెండేళ్ల ముందే బడి వరండాలో సాయంత్రం క్లాసులకు వెళ్లి చదవడం నేర్చుకున్నాను కాబట్టి లైసెన్సు పరీక్షకు భయపడలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ప్రతి ప్రశ్ననూ ఆఖరి మాటదాకా చదివాకే జవాబు నొక్కాను. నా వెనక వంతు కోసం చూస్తున్నాయన దగ్గీ దగ్గీ అలిసిపోయాడు. గడువు అయిపోయేలోపు లైసెన్సు చేతికొచ్చింది.

ఈలోగా బండిని లొల్ల లాకుల దగ్గర ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను.

"రండి మామ్మగారూ" అన్నాడతను.

"పిన్నీ అను. బండి బాగుచేయించుకోడానికొచ్చేను, మనవల్ని ఎత్తుకోడానిక్కాదు."

"ఆయ్, పిన్నిగారూ. ఏం చేయమంటారండి?"

"బ్రేకులు చూడు, హారన్ చూడు, సీటు నేను కుట్టుకుంటాను. రంగు జాంపండు లోపలుంటుంది చూడు, ఆ రంగు."

అతను పానా కింద పెట్టేశాడు. "గులాబీ రంగాండి? పిన్నిగారూ, ఈ షెడ్డుకి నలుగురూ వస్తారండి."

"రానీ. చూస్తారు."

వేశాడు. సీటుకు ముదురాకుపచ్చ టార్పాలిన్ కొని నేనే తొడుగు కుట్టాను. బండి ముందు కొందరు దేవుడి పేరు రాయించుకుంటారు, కొందరు పిల్లల పేర్లు. నేను బ్రష్షు అడిగి తీసుకుని, తెల్లరంగుతో ‘చేతిరేకులు’ అని నా చేత్తో రాశాను. మొదట్లో ధీమాగా పెద్దపెద్దగా రాసేసరికి చివరి అక్షరానికి చోటు చాలక అది మూలకు ఒదిగి కూర్చుంది. మెకానిక్ చెరిపి మళ్లీ రాస్తానన్నాడు. వద్దన్నాను.

బండిని చూసి మా తోడికోడలు అరుగు మీద నుంచి లేవకుండానే నవ్వింది. మా బావగారి భార్య, నాకంటే ఆరేళ్లు పెద్ద. రెండిళ్లకూ ఒకటే వాకిలి. మనిషి భారీగా ఉంటుంది, నోరు ఇంకాస్త భారీ.

"ఏమే చెల్లీ, తిరణాల్లో రంగులరాట్నం గుర్రాన్ని పట్టుకొచ్చేవా?"

"నువ్వెక్కుదువుగానిలే అక్కా."

"నేనెక్కితే దాని నడుం విరుగుతుంది. నువ్వూ పడతావు. ఈ వయసులో విరిగితే అతుక్కోదే."

మొదటి శనివారం వచ్చింది. అట్టపెట్టెలో పాత బొంతలోని దూది పరిచి, రేకులు పేర్చి, పైన మళ్లీ దూది వేసి, వెనక క్యారియర్‌కు కట్టాను. ఏటిగట్టు మీద గోదావరి గాలి తగులుతుంటే ఎంత హాయిగా ఉందో! నడిచి వెళ్తున్న భక్తులు నా బండి రంగు చూసి పక్కకు జరుగుతున్నారు. ఏడు కాకుండానే కొట్టు ముందు దిగాను.

పెట్టె దించుతుంటేనే లోపల గలగలమంది. మూత తీస్తే ఒక్క రేకూ రేకుగా లేదు. అన్నీ చేపపొలుసుల్లా రాలిపోయి ఉన్నాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొట్టావిడ ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, "ఇంకో శనివారం ఉంది కదండీ" అంది. అరిచినా బాగుండేది.

అటునుంచి అటే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను బండి వెనక భాగాన్ని రెండుచేతులా నొక్కి చూశాడు. అది కదల్లేదు. అప్పుడు తల కొట్టుకున్నాడు.

"పొరపాటు నాదేనండి. ఆ కాయలాయన కోసం ఈ గట్టి స్ప్రింగులు నేనే వేసేనండి, ఎన్ని కాయలేసినా కుంగకూడదన్నాడని. మీరేమో దూదికంటే తేలికైంది వేసేరు. వెనకాల ఏమీ లేదనుకుని బండి మేకపిల్లలా గెంతేసిందండి."

"మార్చెయ్యి మరి."

"రాజమండ్రి నుంచి రావాలండి. శనివారం దాటిపోద్ది."

"అందాకా?"

"అందాకా వెనకాల బరువెయ్యండి."

గురువారం బియ్యం బస్తా క్యారియర్ మీద వేసి, దాని మీద పెట్టె కట్టి, విరిగినా ఫరవాలేదనుకున్న పది రేకులు అందులో పెట్టి, ఊరు చుట్టూ తిరిగి వచ్చాను. బండి గెంతడం మానేసింది. పెట్టె మాత్రం ఒక పక్కకు జారి వేలాడుతోంది. పదిలో ఆరు విరిగాయి. తాళ్లు మార్చి మార్చి కట్టి ఇంకో రెండుసార్లు తిరిగాను. అదే వరస.

అరుగు మీద నుంచి మా అక్క చూస్తూనే ఉంది. "బస్తాకి చేతులుంటాయే, పెట్టె పట్టుకోడానికి?" అంది.

నేను ఆవిడవైపు చూశాను. ఆవిడ నావైపు చూసింది.

"నన్ను చూడకు. నేనెక్కను."

"అక్కా…"

"ఎక్కనన్నానా!"

"వాడపల్లి వెళ్లి ఎన్నేళ్లయింది నువ్వు?"

ఆవిడ ఎందుకు వెళ్లడం లేదో నాకు తెలుసు. ఆటో ఎక్కబోతే ఇద్దరి చోటు పడుతుందని ఒకడు నలుగురిలో అన్నాడు. ఆ తర్వాత ఆవిడ ఆటో ఎక్కలేదు. కాసేపటికి కొంగు దులుపుకుంటూ లేచింది. "వేగంగా పోయేవంటే గట్టు మీదే దిగిపోతాను. ఆ ఇనప టోపీ నాక్కూడా ఉండాలి. నా ప్రాణం మాత్రం ప్రాణం కాదేంటి?"

శుక్రవారం సాయంత్రం ఆవిడను ఎక్కించుకుని సాధన చేశాను. కూర్చోగానే బండి వెనకభాగం నెమ్మదిగా బెత్తెడు కిందికి దిగి, బుద్ధిగా ఆగింది. నాకు మొదట హ్యాండిల్ కుదరలేదు. రెండుసార్లు కాళ్లు ఆనించాల్సి వచ్చింది. మూడోసారికి కుదిరింది. హెల్మెట్‌కు ఆవిడ కొప్పు అడ్డం వచ్చింది. ముప్పై ఏళ్లుగా ముడే తప్ప ఎరగని మనిషి జడ వేసుకుంది.

శనివారం తెలతెలవారుతుండగా బయల్దేరాం. అక్క ఒక పక్కకు కూర్చుని, పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది. దారంతా సగం గోవిందనామాలు, సగం నామీద కేకలు. "గోవిందా… గుంటే, గుంట! చూడవే! గోవిందా… ఆ గేదె మనకోసం ఆగదే చెల్లీ, నువ్వే ఆగాలి!" గట్టు మీద నడిచేవాళ్లు ఆవిడతోపాటు గోవిందా అనడం మొదలుపెట్టారు. నాకు నవ్వు ఆగడం లేదు. నవ్వితే బండి ఊగుతుందని పళ్లు బిగించుకుని నడిపాను.

కొట్టు దగ్గర మూత తీయడానికి నాకు చేతులు రాలేదు. అక్కే తీసింది. పైన రెండు రేకులకు అంచులు విరిగాయి. మిగతావన్నీ పొద్దున పేర్చినట్టే ఉన్నాయి. కొట్టావిడ మధ్యలోంచి ఒకటి లాగి వెలుతురుకు పట్టింది. అవతలి వీధి, మనుషులు, పూలబుట్టలు అందులోంచి మసకగా కనిపించాయి.

"బాగున్నాయండి. ఇక వారం వారం తెచ్చేయండి" అంది. మా దొంతరను మిగతా రేకుల్లో కలపకుండా వేరే పళ్లెంలో పెట్టి, "ఎవరైనా అడిగితే ఏ ఊరివాళ్లని చెప్పమంటారు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు మా అక్క ఊరు, వీధి, వాకిలి ఎటు తిరిగి ఉంటుందో కూడా చెప్పేసింది. "ఇద్దరం తోడికోడళ్లమండి. తియ్యడం దాని పని, తేవడం నా పని" అంది. నడిపిన మనిషి ఊసే లేదు.

మరో పది రోజులకు మెకానిక్ కబురు పెట్టాడు, మెత్తటి స్ప్రింగులు వచ్చాయని. బండి తీస్తుంటే అక్క కూడా ఎక్కి కూర్చుంది. షెడ్డులో ఆ కొత్త స్ప్రింగులను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవేస్తే దీని మీద నేను కూర్చోవచ్చా బాబూ?"

అతను ఆవిడను చూశాడు, స్ప్రింగులను చూశాడు, గోవిందుణ్ణి తలుచుకున్నట్టున్నాడు. "మీరు కూర్చుంటే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటదండి, ఏమీ అనుకోకండి."

"అయితే ఎందుకూ, తిప్పి పంపెయ్" అంది మా అక్క, వాటిని అతని చేతిలో పెట్టేస్తూ. తర్వాత నావైపు తిరిగి, "పదవే. శనివారానికి బియ్యం నానబోసుకోవాలి" అంది.