సత్యానందం గారి శనివారం పాటలు

ప్రతి ఉదయమూ సత్యానందం గారు ఆఫీసుకి అరగంట ముందే చేరుకుంటారు. పార్కింగ్‌లో ఓ మూలన కారు ఆపి, అద్దాలన్నీ ఎత్తేసి, తల వంచి ప్రార్థన చేసుకుంటారు. ప్రార్థన అయ్యాక కూడా వెంటనే దిగరు. కళ్లు మూసుకుని స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చుంటారు. అటుగా వెళ్లే తెలుగువాళ్లు, “ఎంత భక్తిపరుడండీ!” అనుకుంటూ చప్పుడు కాకుండా తప్పుకుంటారు. కారులో మోగేది మాత్రం ఫిడేలూ బాంజో.

ఆయనది రేపల్లె దగ్గర చిన్న పల్లె. అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. వచ్చిన కొత్తలో కొన్న పాత కారులో రేడియో ఒకే స్టేషను దగ్గర బిగుసుకుపోయింది. అందులో రోజంతా ఈ దేశపు పాతకాలం పల్లెపాటలే. రైళ్లు, గుర్రాలు, జైళ్లు, కన్నతల్లులు, సారా తాగి ఏడ్చే మగాళ్లు. మొదట్లో విసుక్కున్నారు. తర్వాత కూనిరాగం తీశారు. ఆ కారు పోయింది గానీ పాటలు పోలేదు. ఒకే మైకు చుట్టూ నలుగురు చేరి గొంతు కలుపుతుంటే, చిన్నప్పుడు కోతపండుగ నాడు చర్చిలో కూర్చున్నట్టే ఉంటుందని భార్య విమలకుమారి గారితో ఒకసారి అన్నారు.

“మీ గుర్రాల పాటలు మీ చెవుల్లోనే పెట్టుకోండి. నాకొద్దు,” అన్నారావిడ నవ్వుతూ.

ఆవిడకి తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో పాటలు నడిపించేది ఆయనే మరి. ఆయన కీర్తన ఎత్తుకుంటే వెనక బెంచీలో ఫోన్లు చూసుకునే పిల్లలు కూడా తలెత్తుతారు. అలాంటి మనిషి జైలు పాటలు, సారా పాటలు వింటాడని తెలిస్తే ఆ మైకు తన చేతిలో ఉంచుతారా అని ఆయన భయం.

శనివారం మధ్యాహ్నాలు ఆయన వెళ్లే చోటు అంతకంటే రహస్యం. రైలు పట్టాల పక్కన ఓ పాత హాలు ఉంది. ముందు గదిలో బీరు అమ్ముతారు. వెనక గదిలో కొందరు పెద్దవాళ్లు గుండ్రంగా కూర్చుని ఆ పాటలే వాయించుకుంటారు. సత్యానందం గారు మాండొలిన్ పట్టుకుని వాళ్ల మధ్య చేరతారు.

ఒక శనివారం మా సంఘంలోని ప్రిస్సిల్లా ఇండియన్ స్టోర్ నుంచి వస్తూ, బీరు బోర్డు కింద ఆయన కారు చూసింది. వెనక అద్దం మీద తెలుగులో బైబిలు వాక్యం అంటించి ఉన్న కారు ఆ ఊళ్లో ఇంకెవరికుంది? పై వారమూ అక్కడే ఉంది. ఆమె వెళ్లి సంఘపెద్ద లెవి గారి చెవిలో వేసింది. లెవి గారు పాస్టరు అయ్యగారికి చెప్పారు.

మా అయ్యగారు మెత్తని మనిషి. “తొందరపడొద్దండి. పేరు చెప్పకుండా ప్రార్థిద్దాం. మీరు మెల్లగా కనుక్కోండి. సంగతి తేలకపోతే మాత్రం ఈ ఈస్టర్‌కి పాటలు వేరేవాళ్లు నడిపించాల్సిందే,” అన్నారు.

పేరు చెప్పలేదు గానీ, పొక్కకుండా ఆగుతుందా? పాపం, ఎవరూ ఒక్క మాట అనలేదు. సత్యానందం గారింటికి ఏవేవో వండి తెచ్చారు. ఒకరు గోంగూర పచ్చడి, ఒకరు చేపల పులుసు, ఇంకొకరు డబ్బా నిండా అరిసెలు.

“ధైర్యంగా ఉండు వదినా,” అంది ప్రిస్సిల్లా, విమలకుమారి గారి చెయ్యి పట్టుకుని.

“దేనికే?”

“ఊరికే.”

“ఊరికే ఎవరైనా చేపల పులుసు తెస్తారా?” అని ఆవిడ తెల్లబోయారు. పులుసు మాత్రం బాగుందట.

వరసగా మూడో శుక్రవారం ఉపవాస ప్రార్థన లెవి గారింట్లో. “మనలో ఒక సహోదరుడు తాగుడుకి అలవాటు పడ్డాడు. పేరు వద్దు,” అన్నారు లెవి గారు, చాప కేసి చూస్తూ.

అందరికంటే ఎక్కువసేపు ప్రార్థించింది సత్యానందం గారే. కన్నీళ్లు పెట్టుకున్నారు కూడా. అంతా అయ్యాక లెవి గారిని పక్కకి పిలిచారు.

“ఎవరండీ ఆయన? సిగ్గుపడుతున్నాడేమో. నేను కలిసి మాట్లాడనా? కావాలంటే శనివారాలు నా వెంట తిప్పుకుంటాను.”

“శనివారాలా?” అన్నారు లెవి గారు.

ఇక లెవి గారు ఉండబట్టలేక, మర్నాడే ఆ హాలుకి వెళ్లారు. బీరు గది గబగబా దాటారు. వెనక గది తలుపు తోశారు. చేతిలో మాండొలిన్, నెత్తిన గడ్డిటోపీ, పక్కన కాఫీ కప్పు. సత్యానందం గారు కళ్లు మూసుకుని, అచ్చం టెక్సాస్ యాసలో, ప్రాణం పెట్టి పాడుతున్నారు.

ఫిడేలు వాయించే హ్యారల్డ్ అనే తాత లెవి గారిని చూసి, “సత్య స్నేహితుడివా? కుర్చీ లాక్కుని కూర్చో. కాఫీ అక్కడుంది,” అన్నాడు. మరో పెద్దావిడ కప్పు నింపి తెచ్చి చేతికిచ్చింది.

ఆ మాటకి కళ్లు తెరిచిన సత్యానందం గారి పాట సగంలో ఆగిపోయింది. లెవి గారి చెయ్యి పట్టుకుని బయటికి నడిచారు. పార్కింగ్‌లో నిలబడి రేడియో దగ్గర్నుంచి అంతా చెప్పేశారు.

“అంటే... మీరు తాగరా?”

“తాగడమేమిటండీ!”

“ఏం మనిషివయ్యా! నీ కోసం మూడు శుక్రవారాలు అన్నం మానేశాం!”

“ఆ సహోదరుణ్ణి నేనా? నేనూ మానేశానే!”

లెవి గారు నవ్వాపుకోలేక కారుకి చేరగిలబడ్డారు. కళ్లు తుడుచుకుని, “ఇంతకీ ఆ పాట దేని గురించి?” అనడిగారు.

“ఒకడు జైల్లో కూర్చుని అమ్మని తలుచుకుంటాడు.”

“అందులో తప్పేముంది? జైలుకెళ్లినవాడికి అమ్మ గుర్తు రాకూడదా? అయ్యగారికి నేను చెప్తాలే. నీ మైకు ఎక్కడికీ పోదు.”

“వద్దండీ. పస్తులుండి ప్రార్థించినవాళ్లు. రేపు సంఘం ముందు నేనే చెప్పుకుంటాను.” ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపారు. “మీరొక్క సాయం చేయాలి.”

“చెప్పు.”

“ముందు వరసలో కూర్చోండి. నేను చెప్పడం అవగానే, అందరికంటే ముందు మీరు నవ్వేయండి.”